పెరట్లో ఎడారి తాబేలు: భిలాయి కుటుంబాలు తెలుసుకోవలసిన చట్టం, వాతావరణం, సంరక్షణ

భిలాయి: ఉక్కు నగరంలోని పాత సెక్టార్లలో ఇంటికో పెరడు ఉంది. జామ, మునగ, మందార, కూరగాయల మడి, వాటి మధ్య ఒక నీళ్ల తొట్టి. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం మేరకు కర్మాగారం వెలసిన నాటి నుంచి ఉత్తరాంధ్ర తదితర ప్రాంతాల వారు ఉపాధి కోసం వచ్చి ఈ క్వార్టర్లలో స్థిరపడ్డారు. ఇటువంటి పెరడు ఉన్న ఇంటికి తాబేలు అనువైన పెంపుడు జంతువని చాలామంది భావిస్తారు. అది అరవదు, కరవదు, రోజూ వీధిలో తిప్పనక్కర లేదు, పైగా ఇంటికి శుభమన్న నమ్మకం ఉంది. అయితే దేశంలో ఏ తాబేలును పెంచవచ్చు, ఏ తాబేలును ఇంట ఉంచుకుంటే జైలుశిక్ష పడుతుంది అన్న విషయంలో అవగాహన తక్కువ. ఎడారి ప్రాణిని ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన కురిసే చోట బతికించడం ఎంత కష్టమో కొన్న తరువాత గాని తెలియదు.

పేరుతోనే మొదలయ్యే పొరపాటు

శాస్త్రీయంగా ఎడారి తాబేలు అన్న పేరు అమెరికా నైరుతి భాగంలోని మొహావీ, సొనోరా ఎడారులలో నివసించే గోఫెరస్ ప్రజాతికి చెందుతుంది. భారత పెంపుడు జంతువుల విపణిలో అది దాదాపు కనిపించదు. ఇక్కడ ఆ పేరుతో అమ్మేది ఎక్కువగా ఆఫ్రికాకు చెందిన సల్కాటా తాబేలు. సహారాకు దక్షిణాన సెనెగల్ నుంచి ఇథియోపియా వరకు వ్యాపించిన సాహెల్ మెట్టభూములు దాని స్వస్థలం. తొడలపై ముళ్ల వంటి గట్టి పొలుసులు ఉండటం వల్ల దీనిని ముళ్ల తాబేలని కూడా అంటారు. అరచేతిలో ఇమిడే పిల్లగా అమ్మే ఈ జీవి యాభై కిలోలకు చేరడం సాధారణం. ప్రధాన భూభాగాలపై నివసించే తాబేళ్లలో ఇదే అతిపెద్దది. గలాపగోస్, అల్డబ్రా దీవుల తాబేళ్లు మాత్రమే దీనికన్నా పెద్దవి.

మూడవది నక్షత్ర తాబేలు. నల్లని డిప్పపై ప్రతి పలక నడిబొడ్డు నుంచి పసుపు గీతలు చుక్కలా విచ్చుకొని ఉంటాయి. ఇది మన దేశపు ప్రాణి. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు పొడి పొదలలో, గుజరాత్, రాజస్థాన్‌లలో, దేశం వెలుపల పాకిస్థాన్, శ్రీలంకలలో సహజంగా నివసిస్తుంది. అమ్మకందారు దీనిని విదేశీ తాబేలని చెప్పినా, కాగితాలు చూపుతానన్నా నమ్మరాదు. సల్కాటా పిల్ల డిప్ప ఇసుక రంగులో ఉండి పలకల అంచులు మాత్రమే గోధుమ వర్ణంలో ఉంటాయి. చుక్కల గీతలు ఉండవు. కొనుగోలుదారు కంటితోనే పోల్చుకోగల తేడా ఇది.

చట్టం ఏమంటోంది

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో అమలులోకి వచ్చింది. నక్షత్ర తాబేలు చాలాకాలం దాని నాలుగవ షెడ్యూలులో ఉండేది. 2022 సవరణ దానిని ఒకటవ షెడ్యూలులోకి, అంటే పులి, ఏనుగుల సరసకు చేర్చింది. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. ఒకటవ షెడ్యూలు జంతువులకు సంబంధించిన నేరానికి మూడు సంవత్సరాలకు తగ్గకుండా ఏడు సంవత్సరాల వరకు జైలుశిక్ష, కనీసం 25,000 రూపాయల జరిమానా పడతాయి. కొన్నవారికి, బహుమతిగా అందుకున్నవారికి, దారిలో దొరికితే తెచ్చి పెంచుకున్నవారికి కూడా ఇది వర్తిస్తుంది. వన్యమృగం ప్రభుత్వ ఆస్తి అన్నది చట్టపు మూలసూత్రం. ఇరవై ఏళ్లుగా ఇంట్లోనే ఉందన్న వాదన దానికదే రక్షణ కాజాలదు.

కఠినతకు కారణం ఉంది. 2009 నుంచి 2019 వరకు దశాబ్ద కాలంలో దేశంలో అక్రమ వ్యాపారం నుంచి పట్టుబడిన తాబేళ్లు లక్షా పదకొండు వేలకు పైగానే అని ట్రాఫిక్ సంస్థ లెక్కగట్టింది. జాతి గుర్తించిన వాటిలో దాదాపు సగం నక్షత్ర తాబేళ్లే. ఒకే ఒక వ్యాపార కేంద్రం నుంచి ఏడాదిలో కనీసం 55,000 నక్షత్ర తాబేళ్లు తరలిపోతున్నట్లు 2015లో ప్రచురితమైన పరిశోధన వెల్లడించింది. 2019లో జెనీవాలో జరిగిన సైటిస్ సభ్యదేశాల సమావేశం ఈ జాతిని ఒకటవ అనుబంధంలోకి చేర్చి, అంతర్జాతీయ వాణిజ్యాన్ని పూర్తిగా నిషేధించింది.

సల్కాటా పరిస్థితి వేరు. అది సైటిస్ రెండవ అనుబంధంలో ఉంది కనుక మన చట్టం నాలుగవ షెడ్యూలు పరిధిలోకి వస్తుంది. పెంచడం నిషిద్ధం కాదు, నమోదు తప్పనిసరి. కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2024 ఫిబ్రవరిలో జీవించి ఉన్న జంతుజాతుల నివేదన, నమోదు నియమావళిని ప్రకటించింది. యజమాని పరివేష్ పోర్టల్ ద్వారా రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడికి దరఖాస్తు చేసుకోవాలి. పిల్లలు పుట్టినా, జంతువు చనిపోయినా, మరొకరికి ఇచ్చినా తెలియజేయాలి. దుకాణదారు ఇచ్చే చేతిరాత రసీదు ఈ నమోదుకు ప్రత్యామ్నాయం కాదు. కొనేముందే అమ్మేవారి నమోదు పత్రం అడిగి చూడటం మంచిది. పత్రం లేదంటే బేరం అక్కడితో ఆపివేయాలి.

మైత్రీబాగ్ జంతు ప్రదర్శనశాలను చూసి, అక్కడ ఉంచినప్పుడు ఇంట ఉంచితే తప్పేమిటని అడిగేవారు ఉంటారు. 1972లో భారత్–సోవియట్ మైత్రికి గుర్తుగా ఉక్కు కర్మాగారం నెలకొల్పిన ఆ ఉద్యానం కేంద్ర జంతు ప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ పర్యవేక్షణకు లోబడి నడుస్తుంది. ఇంటి పెరడుకు ఆ హోదా లేదు. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం ఆలయ ప్రాంగణంలోని నక్షత్ర తాబేళ్లను చూసి వచ్చిన ఉత్తరాంధ్ర కుటుంబాలకూ ఇదే సమాధానం. కూర్మావతారానికి వెలసిన ఆ క్షేత్రంలో తాబేళ్లకు ప్రత్యేకంగా ఒక పార్కు ఏర్పాటు చేశారు. అక్కడి భక్తి సంప్రదాయాన్ని ఆధారంగా చూపి ఇంటి పెరట్లో పెంచుకునే హక్కు ఎవరికీ సంక్రమించదు.

అమెరికాలో ఎలా

అసలైన ఎడారి తాబేలు స్వదేశంలో పెరటి పెంపకం ఒక ప్రభుత్వ వ్యవస్థగా నడుస్తోంది. మొహావీ జనాభాను అమెరికా ప్రభుత్వం 1990లో ముప్పు ఉన్న జాతిగా ప్రకటించింది. సొనోరా ప్రాంతపు తాబేలును 2011లో వేరే జాతిగా గుర్తించారు. అడవి నుంచి పట్టడం నేరం. అయితే అంతకుముందే ఇళ్లలో ఉన్నవి, వాటి సంతతి వేల సంఖ్యలో ఉన్నాయి. వాటిని తిరిగి ఎడారిలో వదలరాదు. ఇళ్లలో పెరిగిన తాబేళ్ల ద్వారా మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి వ్యాపించి, అడవి తాబేళ్లకు శ్వాసకోశ వ్యాధి సోకింది. అందువల్ల అరిజోనా, నెవాడా, కాలిఫోర్నియాలలో వాటిని దత్తత ఇచ్చే పద్ధతి ఏర్పడింది. దత్తత కోరేవారి పెరటిని, బొరియను ముందుగా పరిశీలిస్తారు. అరిజోనాలో ఇంట్లో ఒక్కొక్కరికి ఒక తాబేలుకు మించి అనుమతి లేదు. సంతానోత్పత్తిని అనుమతించరు, రాష్ట్రం సరిహద్దు దాటించరాదు. ఫీనిక్స్, లాస్‌వేగస్ వైపు స్థిరపడిన తెలుగువారు దత్తతకు ముందుకు వచ్చినా ఇవే నియమాలు. భారత్‌కు తిరిగి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకోవాలన్న ఆలోచనకు చట్టంలో చోటు లేదు.

ఆ రాష్ట్రాలు పెంపకందారులకు ఇచ్చే సూచనలలో ఒకటి మాత్రం మనకు నేరుగా పనికివస్తుంది. ఎడారి తాబేలు మూత్రాశయంలో నీటిని నిల్వ చేసుకొని నెలల తరబడి వాడుకుంటుంది. భయపడితే ఆ నీటిని ఒక్కసారిగా వదిలివేస్తుంది. అందుకే దానిని అనవసరంగా పైకెత్తవద్దని చెబుతారు. పిల్లలు ఆటగా ఎత్తి తిప్పే ఏ మెట్ట తాబేలు విషయంలోనైనా ఈ జాగ్రత్త అవసరమే.

భిలాయి వాతావరణం

సాహెల్‌లో సాధారణంగా ఏటా రెండు వందల నుంచి ఆరు వందల మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. దుర్గ్ జిల్లాలో అంతకు రెట్టింపు పడుతుంది. అదీ జూన్ మధ్య నుంచి సెప్టెంబరు చివరి వరకు దాదాపు ఎడతెగకుండా. మే నెలలో పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్‌ను తాకుతుంది. డిసెంబరు, జనవరి రాత్రులలో 10 డిగ్రీల దరికి జారుతుంది. వేసవి ఎడారిని తలపిస్తుంది కనుక ఎడారి ప్రాణికి ఇబ్బంది లేదనుకోవడం పొరపాటు. ఎడారి తాబేలు ఎండలో బతకదు. ఎండను తప్పించుకొని బతుకుతుంది. సాహెల్‌లో సల్కాటా రెండు మూడు మీటర్ల లోతున బొరియ తవ్వి, వేడి వేళల్లో అందులోనే గడుపుతుంది. శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటితే ఏ తాబేలుకైనా ప్రాణాపాయమే. సిమెంటు గచ్చు మీద మధ్యాహ్నం వెల్లకిలా పడిన తాబేలు గంటలోపే చనిపోగలదు.

మూడు కాలాలలోనూ కఠినమైనది వానకాలం. తడి నేల మీద రోజుల తరబడి ఉన్న తాబేలు కింది డిప్ప మెత్తబడి, పలకల సందుల్లో బూజు, సూక్ష్మజీవులు చేరి కుళ్లుతుంది. చలి, తడి కలిసినప్పుడు న్యుమోనియా వస్తుంది. తాబేలుకు ఉదరవితానం లేదు, దగ్గలేదు. ఊపిరితిత్తుల్లో చేరిన ద్రవాన్ని బయటికి నెట్టే శక్తి దానికి తక్కువ. ముక్కు నుంచి బుడగలు, నోరు తెరిచి మెడ చాచి ఊపిరి తీయడం, కనురెప్పలు ఉబ్బడం కనిపించేసరికి వ్యాధి బాగా ముదిరి ఉంటుంది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. పిల్ల తాబేళ్లను పూర్తిగా పొడి చోట ఉంచితే డిప్ప పలకలు గోపురాల్లా పైకి లేచి వికృతంగా పెరుగుతాయి. మాంసకృత్తులు ఎక్కువ కావడమే ఇందుకు కారణమని చాలాకాలం నమ్మారు. సల్కాటా పిల్లలపై జరిపి 2003లో ప్రచురించిన ప్రయోగంలో ఆహారంలోని మాంసకృత్తుల కంటే గాలిలోని తేమ లోపమే ప్రధాన కారణమని తేలింది. ప్రకృతిలో పిల్లలు తేమ నిండిన బొరియల్లో పెరుగుతాయి. కనుక పిల్లకు కావలసింది వెచ్చని తేమ. భిలాయి వానకాలంలో పెరట్లో దొరికేది చల్లని బురద. ఈ రెండింటికీ తేడా తెలియక పిల్లలను తొలి వర్షాలకే పోగొట్టుకుంటారు. మొదటి రెండు సంవత్సరాలు పిల్లను రాత్రిళ్లు, వాన రోజుల్లో ఇంటి లోపల వెచ్చని పెట్టెలో ఉంచి, ఎండ కాసిన పూట మాత్రమే పెరట్లోకి విడవడం ఉత్తమం.

శీతకాలంలో అమెరికా ఎడారి తాబేలు అక్టోబరు నుంచి మార్చి వరకు సుప్తావస్థలోకి వెళుతుంది. సల్కాటా వెళ్లదు. దాని స్వస్థలంలో అటువంటి చలి ఉండదు. జనవరిలో కదలకుండా, తినకుండా ఉన్న సల్కాటా నిద్రపోతోందని సరిపెట్టుకోరాదు. అది చల్లబడి నీరసించింది. పగలు ఎండ తగిలి, రాత్రి పొడిగా, పదిహేను డిగ్రీలకు తగ్గని గూడు ఉంటే భిలాయి చలి దానికి పెద్ద అవరోధం కాదు.

పెరటి ఏర్పాటు

ప్రహరీ గోడ ఉన్నంత మాత్రాన సరిపోదు. తాబేలు గోడ దూకదు, తవ్వుతుంది. ఆవరణ గోడ నేల పైన రెండడుగులు, నేల కింద కనీసం ఒకటిన్నర అడుగులు ఉండాలి. తీగ కంచె కంటే ఇటుక గోడ మేలు. అవతలి వైపు కనిపిస్తే అక్కడికే వెళ్లాలని తాబేలు రోజంతా కంచెను తోస్తూ ముఖం చీరుకుంటుంది. మూలలు గుండ్రంగా ఉంటే ఒకదానిపై ఒకటి ఎక్కి వెల్లకిలా పడే ప్రమాదం తగ్గుతుంది. మురుగు కాలువకు, సెప్టిక్ చాంబరుకు, నీళ్ల సంపుకు గట్టి మూతలు ఉండాలి.

గూడు ఈ మొత్తంలో కీలకం. పెరట్లో అన్నింటికన్నా ఎత్తయిన చోట, వాన నీరు నిలవని చోట కట్టాలి. దుర్గ్ ప్రాంతంలో కన్హార్ అని పిలిచే నల్లరేగడి ఎక్కువ. అది నీటిని పట్టి ఉంచుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. ఆ నేలలో తాబేలు సొంతంగా తవ్విన బొరియ జూలైలో బావిగా మారుతుంది, లేదా పైకప్పు కూలి అందులోనే సమాధి చేస్తుంది. మట్టిని ఒక అడుగు ఎత్తు చేసి, ఇసుక, మొరం కలిపి దిమ్మెసపై మూడు వైపులా సిమెంటు దిమ్మెల గోడ కట్టి, దళసరి చెక్క లేదా రాతి పలక కప్పి, దానిపై ఎనిమిది అంగుళాల మందాన మట్టి పరవాలి. అరిజోనా పెంపకందారులకు సూచించే నమూనా ఇదే తరహాలో ఉంటుంది. మట్టి కప్పు వేసవిలో వేడిని, చలికాలంలో చల్లదనాన్ని అడ్డుకుంటుంది. రేకు కప్పు మే నెలలో పొయ్యి మీద పెనంలా కాగుతుంది కనుక పనికిరాదు. ద్వారం వాన జల్లు కొట్టని దిశకు, లోపలి నేల బయటి కంటే కొంచెం ఎత్తులో ఉండాలి.

ఎండ సంగతి కూడా చెప్పాలి. డిప్ప ఎముకే కనుక దానికి సున్నం కావాలి. ఆ సున్నం ఒంటబట్టడానికి డి3 విటమిన్ కావాలి. ఆ విటమిన్ చర్మంలో తయారు కావడానికి సూర్యుని అతినీలలోహిత కిరణాలు నేరుగా తగలాలి. గాజు కిటికీ ఆ కిరణాలను ఆపివేస్తుంది. వరండాలో గాజు తొట్టెలో పెట్టి ఎండ తగులుతోందని సంతృప్తి చెందితే డిప్ప మెత్తబడటం తప్ప ఫలితం ఉండదు. గాజు తొట్టెను ఎండలో పెడితే లోపలి వేడికి తాబేలు చనిపోతుంది.

వీధి కుక్కలు, ఇంటి కుక్కలు తాబేలుకు అతిపెద్ద శత్రువులు. కుక్కకు డిప్ప ఎముక ముక్కతో సమానం. ఏళ్ల తరబడి స్నేహంగా ఉన్న కుక్క కూడా ఒక రోజు కొరకడం మొదలుపెట్టవచ్చు. పిల్ల తాబేళ్లకు కాకులు, ముంగిసలు, పందికొక్కుల బెడద అదనం. వాటి ఆవరణకు పైన వల తప్పనిసరి.

తిండి

సల్కాటా గడ్డి తినే జంతువు. ఆహారంలో ఎనిమిది పాళ్లు గడ్డి, మిగిలిన రెండు పాళ్లు ఆకులు, పూలు. గరిక పెరట్లోనే పెరుగుతుంది. మందార ఆకులు, పూలు, మల్బరీ ఆకులు, ముళ్లు తీసిన నాగజెముడు మట్టలు ఇష్టంగా తింటుంది. మునగాకు కొద్దిగా వేయవచ్చు. సున్నం కోసం ఆయుర్వేద దుకాణాల్లో దొరికే సముద్రపు నురుగు ముక్కను ఆవరణలో ఉంచితే కావలసినప్పుడు తానే కొరుక్కుంటుంది. పాలకూర, తోటకూరలలోని ఆగ్జలేట్లు సున్నాన్ని ఒంటబట్టనివ్వవు. వాటిని ఎప్పుడో ఒకసారికి పరిమితం చేయాలి.

అన్నం, చపాతీ, బ్రెడ్డు, పాలు, కుక్కల దాణా పెట్టరాదు. మన ఇళ్లలో ప్రేమ ప్రదర్శించే మార్గం అన్నం ముద్దే గాని, పీచు లేని పిండిపదార్థం తాబేలు పేగుల్లో పులిసి వాయువు చేరుతుంది. అరటిపండు, మామిడి ముక్కల వంటి తీపి పండ్లదీ అదే పని. మాంసకృత్తులు ఎక్కువైతే మూత్రపిండాలపై భారం పడి, మూత్రాశయంలో రాళ్లు ఏర్పడతాయి. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు, లాంటానా మొక్కలు ఆవరణలో ఉండరాదు. దేవుడి పూల కోసం గన్నేరు పెంచే ఇళ్లు ఎక్కువ కనుక రాలిన ఆకులు, పూలు కూడా లోపల పడకుండా చూడాలి. రోడ్డు పక్కన కోసిన గడ్డి వేయకపోవడం మంచిది. దానిపై పొగ, దుమ్ము, కొన్నిచోట్ల కలుపు మందు ఉంటాయి.

నీటిని లోతు లేని పళ్లెంలో, గడ్డం మునగని మట్టానికి ఉంచి రోజూ మార్చాలి. తాబేలు నీటిలోనే మలమూత్రాలు విసర్జిస్తుంది. పిల్లలను రోజుకొకసారి గోరువెచ్చని నీటిలో పావుగంట కూర్చోబెడితే నిర్జలీకరణ రాదు. మెట్ట తాబేలుకు ఈత రాదు. తొట్టిలో వేస్తే మునిగి చనిపోతుంది. నీటి తాబేళ్ల అలవాట్లు తెలిసినవారు ఈ తప్పు చేసే అవకాశం ఎక్కువ.

వైద్యం

సాధారణ పశువైద్యులకు గేదెలు, మేకలు, కుక్కల అనుభవం ఎక్కువ. అందుకే యజమాని ముందుగానే తెలుసుకొని ఉండవలసిన ఒక విషయం ఉంది. పశువులకు, కుక్కలకు పురుగుల నివారణకు విరివిగా వాడే ఐవర్‌మెక్టిన్ తాబేళ్లకు విషం. పక్షవాతం తెచ్చి ప్రాణం తీస్తుంది. ఆ మందు ఇవ్వబోతే మర్యాదగానే అయినా స్పష్టంగా వద్దని చెప్పాలి. సరీసృపాల చికిత్సలో అనుభవం ఉన్నవారు ఎక్కడ ఉన్నారో, రాయ్‌పూర్ వెళ్లవలసి వస్తుందో లేదో తాబేలును తెచ్చుకోకముందే విచారించుకోవాలి.

నెలకొకసారి తూకం వేసి కాగితంపై రాసి పెట్టుకోవడం ఖర్చులేని వైద్య పరీక్ష. తాబేలు జబ్బును దాచుకొనే ప్రాణి. తిండి మానేయకముందే బరువు తగ్గడం మొదలవుతుంది. డిప్పకు నూనె రాయడం, రంగులు వేయడం, గుర్తు కోసం రంధ్రం చేసి తాడు కట్టడం క్రూరత్వం. డిప్ప చెప్పు వంటి నిర్జీవ వస్తువు కాదు. కింద రక్తనాళాలు, నాడులు ఉన్న సజీవమైన ఎముక. గీరితే తాబేలుకు తెలుస్తుంది.

తాబేళ్ల పేగుల్లో, చర్మంపై సాల్మొనెల్లా సూక్ష్మజీవి ఉండవచ్చు. తాబేలుకు జబ్బు కనిపించకపోయినా మనిషికి సోకి విరేచనాలు, జ్వరం తెస్తుంది. పిల్లలలో ఈ వ్యాధి వ్యాప్తి కారణంగానే అమెరికా 1975లో నాలుగు అంగుళాల లోపు డిప్ప ఉన్న తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించింది. తాకిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. నీటి పళ్లేన్ని వంటింటి తొట్టెలో కడగరాదు. అయిదేళ్ల లోపు పిల్లలను, గర్భిణులను, వృద్ధులను దూరంగా ఉంచాలి.

ఎవరి తరం వరకు

హైదరాబాద్ నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో 2024 మార్చిలో మరణించిన గలాపగోస్ తాబేలు వయసు సుమారు 125 సంవత్సరాలు. కోల్‌కతా అలీపూర్ జంతు ప్రదర్శనశాలలోని అద్వైత అనే అల్డబ్రా తాబేలు 2006లో చనిపోయేనాటికి దానికి 250 ఏళ్లని చెప్పుకున్నారు. ఆ లెక్కను పూర్తిగా నిర్ధారించిన ఆధారం లేకపోయినా అది ఒక మనిషి జీవితకాలాన్ని దాటి బతికిందన్నది వాస్తవం. సల్కాటా డెబ్బై ఏళ్లు బతకగలదు.

భిలాయిలో ఈ లెక్కకు మరొక కోణం ఉంది. సెక్టార్ క్వార్టర్లు కర్మాగారానివి. ఉద్యోగి పదవీ విరమణతో క్వార్టరు ఖాళీ చేయాలి. నలభై ఏళ్ల వయసులో సల్కాటా పిల్లను తెచ్చిన ఉద్యోగి ఇల్లు వదిలేనాటికి దాని బరువు ముప్పై నలభై కిలోలు, మిగిలిన ఆయుర్దాయం అర్ధ శతాబ్దం. విశాఖపట్నంలోనో, హైదరాబాద్‌లోనో పిల్లల అపార్టుమెంటుకు మారే దంపతులు దానిని ఎక్కడికి తీసుకువెళతారు? జంతు ప్రదర్శనశాలలు ఇటువంటి పెంపుడు జంతువులను అడిగిన వెంటనే తీసుకోవు. పైగా ఇతరుల ఆస్తి అయిన క్వార్టరు పునాదుల పక్కన మూడు మీటర్ల బొరియ తవ్వే ప్రాణి ఇది. పెంపకానికి ముందు వేసుకోవలసిన ప్రశ్నలలో తిండి ఖర్చు చిన్నది, ఇదే పెద్దది. నిర్ణీత వారసుడు లేని ఇంటికి సల్కాటా తగదని చెప్పక తప్పదు. అద్దె ఇళ్లవారికి అసలే తగదు.

పెంచలేమని తేలినప్పుడు చెరువులోనో, శివనాథ్ నది ఒడ్డునో, అడవిలోనో వదలడం పరిష్కారం కాదు. సల్కాటా ఇక్కడి వానలకు చనిపోవచ్చు. బతికితే తన రోగాలను స్థానిక తాబేళ్లకు అంటించవచ్చు. అక్వేరియం దుకాణాల్లో అమ్మే ఎర్రచెవుల తాబేళ్లను ఇలాగే జలాశయాల్లో వదలడం వల్ల అవి ప్రపంచంలోనే అత్యంత హానికర ఆక్రమణ జాతుల జాబితాకు ఎక్కాయి.

నూతి తాబేలు, దొరికిన తాబేలు

తెలుగు పల్లెల్లో బావిలో తాబేలును వేయడం పాత అలవాటు. పురుగు, నాచు తిని నీటిని శుభ్రం చేస్తుందని నమ్మకం. నూతి తాబేలన్న పేరు అలా వచ్చినదే. మెత్తని అంచుల డిప్ప గల ఆ జాతి కూడా ఒకటవ షెడ్యూలులోనే ఉంది. ఛత్తీస్‌గఢ్ చెరువుల్లో, వరి మడుల్లో అది సహజంగా ఉంటుంది. వానకాలంలో ఇళ్ల మధ్యకు వస్తుంది. ఆలయ కోనేళ్లలోని తాబేళ్లకు కూడా చట్టం వర్తిస్తుంది. బిలాస్‌పూర్ జిల్లా రతన్‌పూర్ మహామాయ ఆలయ కోనేటిలో 2025 మార్చిలో తాబేళ్లు వలలో చిక్కి మరణించిన ఘటనను ఛత్తీస్‌గఢ్ హైకోర్టు తనంతట తానే విచారణకు స్వీకరించింది.

వీధిలో నూతి తాబేలు కనిపిస్తే, ప్రమాదంలో లేనప్పుడు దాని దారిన పోనివ్వడమే సరైన పని. రోడ్డు మధ్యలో ఉంటే అది వెళుతున్న దిశలోనే అవతలి వైపు చేర్చాలి. గాయపడి ఉంటే, లేదా నక్షత్ర తాబేలు దొరికితే దుర్గ్ అటవీ డివిజన్ అధికారులకు వెంటనే తెలియజేయాలి. ఛత్తీస్‌గఢ్ నక్షత్ర తాబేలు స్వస్థలం కాదు కనుక ఇక్కడ దొరికినది ఎవరో తెచ్చి వదిలినదే అయి ఉంటుంది. దానిని సమీప అడవిలో వదిలివేయడం సహాయం కాదు.

అధికారులు వచ్చేవరకు గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో పాత గుడ్డ పరచి నీడలో ఉంచాలి. మెట్ట తాబేలు ఉన్న పెట్టెలో నీళ్లు పోయరాదు. తిండి అవసరం లేదు, ఒకటి రెండు రోజులు ఆకలికి అది చలించదు. ఎక్కడ, ఎప్పుడు దొరికిందో రాసి ఉంచాలి. ఫొటోలు తీసి సామాజిక మాధ్యమాల్లో పెట్టడం వల్ల వ్యాపారులకు సమాచారం అందుతుందే తప్ప తాబేలుకు ప్రయోజనం లేదు. అప్పగించిన తరువాత తేదీ, అధికారి సంతకంతో రసీదు తీసుకొని భద్రపరచుకోవాలి. తెలియక నక్షత్ర తాబేలును ఇప్పటికే పెంచుతున్న కుటుంబాలు దానిని మరొకరికి అమ్మడం, ఇవ్వడం వల్ల నేరం రెట్టింపవుతుంది. న్యాయవాది సలహాతో అటవీ శాఖను రాతపూర్వకంగా సంప్రదించడమే వారికి మిగిలిన దారి.